గాబరాకి మాత్రలు, ప్రాణాయామం, ఆకు మందులు – ఏది దేనికి, ఎన్నాళ్లు, ఎలా మానాలి?

మందులచీటీ_నరసన్నపేట (ఫార్మసిస్టు)

గుండెదడ, గాబరా, నిద్ర పట్టడం లేదు అని చెప్పుకున్నవాళ్ల చీటీల్లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరచూ కనిపించేది ఒక జంట మాత్ర. ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ, క్లోనజెపామ్ 0.5 ఎంజీ కలిపి ఒకే బిళ్లగా వస్తుంది. చీటీలో 0-0-1 అని ఉంటుంది, అంటే రాత్రి ఒకటి. గందరగోళం అంతా ఈ బిళ్ల దగ్గరే పుడుతోంది కాబట్టి చర్చ ఇక్కణ్ణుంచే మొదలుపెడుతున్నాను.

బిళ్ల ఒకటే కదా, మందూ ఒకటే అనుకుంటారు. లోపల ఉన్న రెండింటి నడకా వేరు. క్లోనజెపామ్ వేసుకున్న గంటలోపే పని చూపిస్తుంది. దడ తగ్గుతుంది, కళ్లు మూతలు పడతాయి. ఎస్సిటాలోప్రామ్‌కి తొందర లేదు. రెండు నుంచి నాలుగు వారాలకి కాస్త తేడా తెలుస్తుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ పూర్తి ఫలితం రాదు. పైగా మొదటి వారం పది రోజులు గాబరా ఇంకాస్త పెరగొచ్చు కూడా. డాక్టరు క్లోనజెపామ్ జత చేసేది ఆ రోజులు గట్టెక్కించడానికే.

దీంతో రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. పది బిళ్లల స్ట్రిప్పు అయిపోగానే 'నిద్ర పడుతోంది, తగ్గిపోయింది' అని కొందరు ఆపేస్తారు. ఆ నిద్ర క్లోనజెపామ్ ఇచ్చింది, ఎస్సిటాలోప్రామ్ ఇంకా పనిలోకే దిగలేదు. ఇంకొందరు అదే పాత చీటీ పట్టుకుని ఏడాదీ రెండేళ్లూ వాడేస్తారు. క్లోనజెపామ్ రోజూ వేస్తే రెండు నుంచి నాలుగు వారాల్లోనే ఒళ్లు దానికి అలవాటు పడటం మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, నిద్ర పూర్తిగా పోవడం, ఒక్కోసారి ఫిట్స్ రావడం కూడా ఉంటుంది.

జంట మాత్రతో అసలు చిక్కు ఏమిటంటే, ఒకదాన్ని తగ్గించి రెండోదాన్ని ఉంచడం కుదరదు. బిళ్లని సగం చేస్తే రెండూ సగమవుతాయి. ఎస్సిటాలోప్రామ్ నెలల తరబడి ఉండాల్సింది, క్లోనజెపామ్ వారాల్లో దిగిపోవాల్సింది. రెండింటినీ ఒకే తాడుకి కట్టేస్తే ఎలా?

పాలకొండ_రోడ్డు

అన్నా, విడివిడిగా రాయమంటే డాక్టరు ఏమనుకుంటారో అని జంకుతారు కదా జనం. ఏమని అడగాలి?

సిస్టరమ్మ_రాజాం (మానసిక విభాగంలో నర్సు)

ఇందులో తప్పుపట్టేదేమీ లేదు బాబూ. ఇలా అడగండి: 'డాక్టరు గారూ, నిద్రకిచ్చిన మందు ఎన్ని వారాలు వాడాలి? దాన్ని మెల్లగా తగ్గించుకునేలా వేరే బిళ్లగా రాస్తారా?' చాలామంది వెంటనే రాసేస్తారు. క్లోనజెపామ్ 0.25, 0.5 ఎంజీ బిళ్లలు విడిగా దొరుకుతాయి. ఎస్సిటాలోప్రామ్ 5, 10, 20 ఎంజీల్లో దొరుకుతుంది. జన ఔషధి కేంద్రంలో కొంటే బ్రాండు మాత్ర కంటే చాలా చవక.

మొదటి పదిహేను రోజుల గురించి చెప్పాలి, మందు మధ్యలో వదిలేసేవాళ్లలో చాలామంది వదిలేది అప్పుడే. వికారం, తలనొప్పి, ఆవులింతలు, చెమటలు, విరేచనం కాస్త పలచబడటం – ఇవి వస్తాయి. ఎస్సిటాలోప్రామ్ రకానిదే అయిన సెర్ట్రలిన్ అయితే విరేచనాల ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. కడుపులో అన్నం ఉండగా వేసుకుంటే వికారం తగ్గుతుంది. మాత్ర వేస్తే మత్తుగా ఉంటే రాత్రికి, నిద్ర చెడితే పొద్దున్నకి మార్చమని అడగొచ్చు. చాలామందికి ఇవన్నీ రెండు వారాల్లో సర్దుకుంటాయి. డాక్టర్లు 10కి బదులు 5 ఎంజీతో మొదలుపెట్టి వారం తర్వాత పెంచేది కూడా ఈ ఇబ్బంది తగ్గించడానికే. గాబరా ఎక్కువ ఉన్నవాళ్లకి తక్కువతో మొదలుపెట్టడమే మంచిది.

ఒక పూట మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మర్నాడు గుర్తొస్తే వదిలేయాలి. రెండు కలిపి వేసుకోకూడదు.

ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాల్సింది ఒకటుంది. 25 ఏళ్ల లోపు పిల్లలకి ఈ రకం మందులు మొదలుపెట్టిన కొత్తలో, మోతాదు మార్చినప్పుడు, చనిపోవాలనే ఆలోచనలు రావచ్చు. ఊరికే చిరాకు, కాలు ఒకచోట నిలవకపోవడం, రాత్రంతా తిరగడం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పండి. మాత్రల స్ట్రిప్పులన్నీ వాళ్ల చేతికివ్వకుండా ఇంటి పెద్దల దగ్గర పెట్టండి.

మగవాళ్లు నోరు విప్పనిది ఇంకోటి. ఈ మందులతో కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం మామూలే. ఆడవాళ్లకీ ఉంటుంది. సిగ్గుపడి మందు మానేస్తున్నారు. చెబితే మోతాదు తగ్గించడమో, వేరే మందుకి మార్చడమో చేస్తారు.

నాగావళి_కౌన్సెలింగ్ (క్లినికల్ సైకాలజిస్టు)

మాత్ర దాకా వెళ్లే ముందు చూడాల్సిన పరీక్షలు కూడా రాస్తాను. థైరాయిడ్ ఎక్కువైతే అచ్చం గాబరాలాగే ఉంటుంది: దడ, చెమట, చేతివణుకు, బరువు తగ్గడం. కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ బాగా తక్కువున్నా మెట్లెక్కితే దడ వస్తుంది. షుగరు పడిపోయినా అంతే. ఒక ఈసీజీ. ఈ నాలుగూ బాగుంటే ప్రతి నెలా ఎకోలూ స్కానింగులూ చేయించుకుంటూ తిరగక్కర్లేదు. రిపోర్టు బాగుందన్న ధైర్యం రెండు రోజులే ఉంటుంది, మూడో రోజు మళ్లీ కొత్త పరీక్ష కావాలనిపిస్తుంది. ఆ తిరుగుడు కూడా జబ్బులో భాగమే.

ఎంత ఉందో కొలవడానికి ఏడు ప్రశ్నల పట్టిక ఉంది, జీఏడీ-7 అంటారు. గత రెండు వారాల్లో ఎంత తరచుగా అన్నదానికి ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3. మొత్తం 21. 5 నుంచి కొద్దిగా, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. నెలకోసారి వేసి చీటీ వెనక రాసుకుంటే మందు పనిచేస్తోందో లేదో డాక్టరుకి ఒక్క చూపులో తెలుస్తుంది.

బొబ్బిలి_కోట

హఠాత్తుగా వచ్చే దడకీ గుండెపోటుకీ తేడా ఎలా తెలుస్తుంది?

నాగావళి_కౌన్సెలింగ్

ఇంట్లో కూర్చుని నూటికి నూరుపాళ్లు తేల్చలేం. పానిక్, అంటే హఠాత్తుగా ముంచుకొచ్చే గాబరా, సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి వెళ్లి, అరగంటలో దిగుతుంది. వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరి ఉంటుంది. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, ఛాతీ మీద బండ పెట్టినట్టున్నా, నలభై దాటినవాళ్లైనా, షుగరు బీపీ ఉన్నవాళ్లైనా, జీవితంలో మొదటిసారి వచ్చినా – ముందు 108. గాబరా అని తేలితే మంచిదే.

చీపురుపల్లి_యోగ (యోగ శిక్షకుడు)

తిమ్మిరి మాట వచ్చింది కాబట్టి ఊపిరి సంగతి. గాబరా పడ్డవాళ్లకి చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మొదటి మాట 'గట్టిగా ఊపిరి పీల్చు'. అదే తప్పు. వాళ్లు అప్పటికే ఎక్కువ పీలుస్తున్నారు. ఎక్కువ గాలి ఆడితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది, దాంతో తల తిరుగుతుంది, వేళ్లు కొంకర్లు పోతాయి, పెదాలు మొద్దుబారతాయి. 'పక్షవాతం వచ్చేస్తోంది' అనుకుని ఇంకా గట్టిగా పీలుస్తారు.

చెప్పాల్సింది 'మెల్లగా వదులు'. నోరు మూసుకుని ముక్కుతో నాలుగు లెక్కపెట్టేలోగా మామూలుగా పీల్చాలి, రొమ్ము ఎగరకూడదు, బొడ్డు మీద చెయ్యి పెడితే ఆ చెయ్యి లేవాలి. ఆరు లెక్కపెడుతూ వదలాలి. నిమిషానికి ఆరు ఊపిరులు. పది నిమిషాలు, పొద్దున్నా సాయంత్రం. దడ వచ్చిన రోజే నేర్చుకుందామంటే రాదు. ఏ బాధా లేని రోజుల్లో రెండు మూడు వారాలు సాధన చేస్తే ఆపదప్పుడు చేతికొస్తుంది. భ్రామరి దీనికి బాగా పనికొస్తుంది, తుమ్మెద నాదం చేస్తుంటే ఊపిరి వదలడం దానంతటదే పొడుగవుతుంది. ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి పీల్చే నాడీశోధన కూడా మంచిదే, ఊపిరి బిగబట్టకుండా.

కపాలభాతి, భస్త్రిక మాత్రం పానిక్ వచ్చేవాళ్లకి వద్దు. అవి వేగంగా వదిలే ఊపిరులు, తల తిరగడం, దడ తెప్పిస్తాయి. సరిగ్గా వాళ్లు భయపడేవి అవే. బీపీ ఎక్కువున్నవాళ్లు, గర్భిణులు అసలే చేయకూడదు. కాగితం సంచిలో ఊపిరి పీల్చమనే పాత పద్ధతి కూడా వదిలేయండి. ఆ దడ గుండెదో ఉబ్బసానిదో అయితే ప్రాణం మీదకొస్తుంది.

ఉద్దానం_డయాలసిస్ (టెక్నీషియన్)

పలాస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు చదువుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. మనవైపు కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు ఎన్నో. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో ఎంతొచ్చిందో అన్న బెంగతోనే నిద్రలేనివాళ్లు ఎందరో. వాళ్లకి గాబరా మందు రాయించుకునేటప్పుడు 'కిడ్నీ ఉంది' అన్న ఒక్క మాట ముందే చెప్పాలి, రిపోర్టు కాగితం చూపించాలి.

ఎందుకంటే, సెర్ట్రలిన్‌కి కిడ్నీ జబ్బులో మోతాదు మార్చక్కర్లేదు. ఎస్సిటాలోప్రామ్ కూడా మరీ ముదిరితే తప్ప మామూలు మోతాదే. ప్రీగాబలిన్, గాబాపెంటిన్ అలా కాదు. ఇవి 'నరాల బలహీనత' పేరుతో, బీ12తో కలిపి 75 ఎంజీ బిళ్లలుగా విరివిగా రాస్తారు, గాబరాకీ ఇస్తారు. ఇవి ఒంట్లోంచి పోయే దారి కిడ్నీయే. అది పనిచేయకపోతే మందు రోజురోజుకీ పోగుపడుతుంది. మనిషి మగతగా పడి ఉంటాడు, తూలిపోతాడు, చేతులు కాళ్లు ఉలిక్కిపడినట్టు కొట్టుకుంటాయి. 'జబ్బు ముదిరింది' అని ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. నిజానికి మోతాదు తగ్గించాలి. డాక్టరు లెక్కకట్టి తగ్గిస్తారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి వేసుకునే వేళ కూడా మారుతుంది.

ఇంకోటి, ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ బిళ్లలు. కిడ్నీకి చెరుపు సరే, ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వాడేవాళ్లకి వాటితో కలిపి వేస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. విరేచనం తారులా నల్లగా పోతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మందులచీటీ_నరసన్నపేట

దానికి కలిపి చెబుతున్నా. ట్రమడాల్ కూడా. ఊళ్లో నొప్పికి ఇంజెక్షన్ చేయించుకుంటే 'నేను ఈ మాత్ర వాడుతున్నాను' అని స్ట్రిప్పు చూపించండి. ట్రమడాల్, ఎస్సిటాలోప్రామ్ కలిస్తే వణుకు, జ్వరం, విపరీతమైన చెమట, కండరాలు బిగుసుకోవడం, ఫిట్స్ రావచ్చు. మొండి టీబీకి వాడే లినెజోలిడ్‌తో కూడా ఇదే ప్రమాదం.

ఆమదాలవలస_అప్ప

ముసలివాళ్లకి ఇవ్వొచ్చా? బీపీ బిళ్ల వాడుతున్నవాళ్లకి?

సిస్టరమ్మ_రాజాం

ఇవ్వొచ్చు అప్పా, కానీ రెండు జాగ్రత్తలు. బీపీ బిళ్లలో హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీటి మందు కలిసి ఉంటే, దానికి ఎస్సిటాలోప్రామ్ తోడైతే రక్తంలో సోడియం పడిపోవచ్చు. మొదటి నెలలోనే ఎక్కువ. మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, అన్నం సయించకపోవడం, తూలి పడటం. 'వయసు మీద పడింది' అని వదిలేయకండి. మందు మొదలుపెట్టిన రెండు వారాలకి ఒకసారి సోడియం పరీక్ష చేయించమని అడగండి. రెండోది, క్లోనజెపామ్, అదే రకం అల్ప్రాజోలామ్ రాత్రి వేసుకున్న పెద్దవాళ్లు బాత్రూంకి లేచి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. వీలైతే ఆ రకం మందే వద్దని డాక్టరుతో చెప్పండి. తప్పనిసరైతే మంచం పక్కన లైటు, చేతికర్ర ఉండాలి.

కొత్తవలస_జంక్షన్

స్టేజీ ఎక్కే ముందు, ఇంటర్వ్యూ ముందు వేసుకునే ప్రొప్రనొలాల్ మాటేమిటి? స్నేహితులు ఒకరికొకరు ఇచ్చేసుకుంటున్నారు.

మందులచీటీ_నరసన్నపేట

అది మనసులో ఆందోళనని తగ్గించదు. చేతివణుకు, గుండె టకటక, గొంతు వణకడం వీటిని ఆపుతుంది. అందుకే ఇంటర్వ్యూకి పనికొస్తుంది, రోజంతా ఉండే బెంగకి పనికిరాదు. మామూలుగా 10 లేదా 20 ఎంజీ, అరగంట నుంచి గంట ముందు. అసలు రోజున మొదటిసారి వేసుకోకూడదు, ముందొక సెలవురోజున ఇంట్లో వేసి చూడాలి, కొందరికి బీపీ దిగి కళ్లు తిరుగుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇది అస్సలు కాదు, ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోతాయి. నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకి వద్దు. ఇన్సులిన్ వాడేవాళ్లకి షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడా వణుకూ ఇది కప్పేస్తుంది, తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. స్నేహితుడి జేబులోంచి తీసుకునే మందు కాదిది. ఎక్కువ మింగితే గుండె ఆగిపోయే మందు, ఇంట్లో గుట్టలుగా పెట్టుకోకూడదు.

వైద్యం_గజపతినగరం (ఆయుర్వేద వైద్యుడు)

ఆకు మందుల మీద నా మాట. అశ్వగంధ వేరు చూర్ణం రోజుకి 3 నుంచి 6 గ్రాములు పాలతో అని మా ఫార్మకోపియా (ఆయుర్వేద మందుల అధికారిక గ్రంథం). ఈ మధ్య పరీక్షలు జరిగినవి చూర్ణంతో కాదు, వేరు నుంచి తీసిన సారంతో: 300 ఎంజీ రోజుకి రెండుసార్లు, దాదాపు రెండు నెలలు. ఒత్తిడి కొంత తగ్గిందని వచ్చింది. కాబట్టి తక్కువ స్థాయి ఆందోళనకి, నిద్రకి రెండు నెలలు చూడొచ్చు. థైరాయిడ్ ఎక్కువున్నవాళ్లు, గర్భిణులు, కాలేయం బాగాలేనివాళ్లు వాడకూడదు. కొందరికి కామెర్లు వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు రంగుకి మారితే వెంటనే ఆపాలి.

సరస్వతి ఆకు, బ్రాహ్మి ఒకటే అని అమ్మేస్తున్నారు. కాదు. మనవైపు చెరువుగట్ల మీద, తేమ నేలలో పాకే గుండ్రటి ఆకు సరస్వతి ఆకు, అంటే మండూకపర్ణి. బ్రాహ్మి వేరే మొక్క, చిన్న దళసరి ఆకులు, తెల్లటి పూలు. రెండింటి గుణం, మోతాదు ఒకటి కాదు. బ్రాహ్మి పరగడుపున తింటే విరేచనాలవుతాయి.

మందులచీటీ_నరసన్నపేట

వైద్యుల వారూ, ఒక్క విషయంలో మీతో కలవలేను. అశ్వగంధని క్లోనజెపామ్‌తో కలిపి వాడేవాళ్లకి మత్తు ఇంకా పెరగొచ్చు. రాత్రి రెండూ వేసుకుని పొద్దున్నే బండి తీసేవాళ్లున్నారు. ఉద్దానం వైపు కిడ్నీవాళ్లు అడిగితే ఏ పొడీ వద్దనే చెబుతాను. భస్మాలు కలిసిన మందుల్లో సీసం, పాదరసం ఉండే అవకాశం ఉంది, ఆ కిడ్నీలు దాన్ని తట్టుకోలేవు.

వైద్యం_గజపతినగరం

రెండూ ఒప్పుకుంటాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి భస్మం కలిసిన మందు నేనూ ఇవ్వను. మాత్ర వాడుతున్నవాళ్లు ఆకు మందు మొదలుపెట్టే ముందు ఇద్దరు వైద్యులకీ రెండోవాళ్ల చీటీ చూపించాలి. 'ఇంగ్లీషు మందు ఆపేసి ఇది వాడు' అని ఎవరైనా చెబితే నమ్మవద్దు, మా పద్ధతిలో చెప్పినా సరే.

నాగావళి_కౌన్సెలింగ్

మందులు భయాన్ని తగ్గిస్తాయి గానీ భయపడి మానేసిన పనులని తిరిగి మొదలుపెట్టించవు. దానికి మెట్లు కట్టుకోవాలి. వారానికొకటి చొప్పున 12 నుంచి 16 కౌన్సెలింగ్ సెషన్లు మామూలుగా పడతాయి. బస్సెక్కితే ఊపిరాడదు అన్న భయాన్నే తీసుకుందాం.

ముందు ఒక్కో పనికీ ఎంత భయమో నూటికి మార్కులు వేయించాలి. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చోవడం 25. ఆగి ఉన్న బస్సెక్కి దిగడం 35. తోడుతో ఆమదాలవలస దాకా పల్లెవెలుగు 50. అదే ఒంటరిగా 65. విజయనగరం దాకా ఎక్స్‌ప్రెస్‌లో, కిటికీ పక్కన కాకుండా 85. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి, వారంలో నాలుగైదుసార్లు అదే మెట్టు. నెలకోసారి చేస్తే లాభం లేదు, మధ్యలో భయం మళ్లీ మొలకెత్తుతుంది. ఆడవాళ్లకి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండింట్లోనూ టికెట్టు డబ్బుల్లేవు కాబట్టి సాధనకి ఖర్చు అడ్డు కాదు.

ప్రతి ప్రయాణానికీ నోట్‌పుస్తకంలో ఒక గీత. ఒక పేజీ ఇలా ఉంటుంది:

'మంగళవారం, ఒంటరిగా విజయనగరం బస్సు. ఏమవుతుందనుకున్నా: చిలకపాలెం లోపే ఊపిరాడక పడిపోతాను, నమ్మకం 80. ఏమైంది: కాంప్లెక్సు దాటగానే దడ, అరచేతుల్లో చెమట, ఎచ్చెర్ల దగ్గర దిగిపోదామనిపించింది. దిగలేదు. చిలకపాలెం వచ్చింది, పడిపోలేదు. ఇప్పుడు నమ్మకం 45.'

తప్పు జరిగేది ఎక్కడంటే, దడ పెరగగానే దిగిపోవడం. దిగిన క్షణంలో వచ్చే హాయి 'దిగబట్టే బతికాను' అని మెదడుకి నేర్పుతుంది. మర్నాడు భయం ఇంకో మెట్టు ఎక్కి కూర్చుంటుంది. ఇంకొకటి, జేబులో క్లోనజెపామ్ బిళ్ల, చేతిలో నీళ్ల సీసా, పక్కన తమ్ముడు. వీటి ఆసరాతో వెళ్లినంతకాలం 'అవి ఉండబట్టే' అనిపిస్తుంది. మొదట్లో పర్వాలేదు, పై మెట్లకి వెళ్లేకొద్దీ ఒక్కొక్కటీ వదిలేయాలి. బిళ్ల వేసుకుని బస్సెక్కితే ఆ రోజు సాధన లెక్కలోకి రాదు. మత్తులో నేర్చుకున్నది నిలవదు.

జనసమ్మర్దం భయమున్నవాళ్లకి పై మెట్టు అరసవల్లి రథసప్తమి, విజయనగరం సిరిమానోత్సవం అవుతాయి. వాటితో మొదలుపెట్టకూడదు. మామూలు ఆదివారం అరసవల్లి క్యూ ఎంచుకోండి.

ఏ పనీ లేకుండా రోజంతా 'ఏమవుతుందో' అని నలిగిపోయేవాళ్లకి వేరే పద్ధతి. సాయంత్రం ఐదున్నర నుంచి పదిహేను నిమిషాలు దిగులు వేళ. మిగతా రోజులో వచ్చిన ప్రతి దిగులునీ ఒక్క ముక్కలో రాసి 'ఐదున్నరకి' అని పక్కన పెట్టాలి. ఆ వేళకి కాగితం తీసి, నేను చేయగలిగినవీ చేయలేనివీ విడదీయాలి. పడుకునే ముందు పెట్టుకోవద్దు. తుపాను హెచ్చరికలొచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో తీరం ఊళ్లవాళ్లకి ఇది చాలా అక్కరకొస్తుంది. తిత్లీ చూసినవాళ్లకి గాలి శబ్దమే చాలు. టీవీలో తుపాను వార్త రోజుకి రెండుసార్లు, అధికారిక బులెటిన్ మాత్రమే.

పాలకొండ_రోడ్డు

టీలు, చుట్టలు, తాగుడు మానేస్తే తగ్గుతుందంటారు. నిజమేనా?

సిస్టరమ్మ_రాజాం

టీ కాఫీలు రోజుకి ఐదారు తాగేవాళ్లకి కచ్చితంగా తేడా ఉంటుంది. ఒక్కసారి ఆపితే తలనొప్పి వస్తుంది, రెండు మూడు రోజులకొక కప్పు చొప్పున తగ్గించండి. మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు.

చుట్ట, బీడీ, మనవైపు ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ కూడా, కాల్చినప్పుడు హాయిగా ఉంటుంది. అది నికోటిన్ కోసం ఒళ్లు పడే తపన తీరిన హాయి. మానితే కొన్ని వారాలకి గాబరా మొత్తం మీద తగ్గుతుంది. ఇక్కడ ఎవరూ చెప్పని మెలిక ఒకటుంది. పొగ ఒంట్లో కెఫీన్‌ని తొందరగా కరిగిస్తుంది. పొగ మానేయగానే అదే రెండు కప్పుల కాఫీ రెట్టింపు పనిచేస్తుంది. 'చుట్ట మానాక దడ ఎక్కువైంది' అని మళ్లీ మొదలుపెడతారు. పొగ మానే వారమే కాఫీ సగానికి తగ్గించాలి.

సారా, బ్రాందీ ఆ రాత్రికి మత్తిస్తాయి, మర్నాడు తెల్లవారుజామున మూడింటికి గుండెదడతో లేపుతాయి. క్లోనజెపామ్, అల్ప్రాజోలామ్ వేసుకున్న రాత్రి తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. కానీ రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానకూడదు, ఆసుపత్రిలో మానాలి.

బొబ్బిలి_కోట

మావైపు గాలి సోకిందనీ చిల్లంగి పెట్టారనీ మంత్రం వేయిస్తారు. పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి?

నాగావళి_కౌన్సెలింగ్

గొడవ పడకండి. మొక్కు మొక్కుకోనివ్వండి, తాయెత్తు కట్టుకోనివ్వండి, మాత్ర కూడా వేసుకోమనండి. అడ్డుపడాల్సింది కొట్టడం, కళ్లల్లో పొగ వేయడం, రోజుల తరబడి పస్తు పెట్టడం, 'మందు వేస్తే మంత్రం పారదు' అనడం దగ్గర. ఆ నాలుగూ జరిగేచోట వదిలి వచ్చేయాలి. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సాయం నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఊళ్లో తెలిసిపోతుందన్న భయం ఉన్నవాళ్లకి ఇది మంచి మొదటి అడుగు.

కొత్తవలస_జంక్షన్

అసలు ప్రశ్న మిగిలిపోయింది. ఎప్పుడు, ఎలా మానాలి?

మందులచీటీ_నరసన్నపేట

డాక్టరుతో కలిసి. పద్ధతి చెబుతాను, తేదీలు ఆయన వేస్తారు.

ముందు క్లోనజెపామ్ దిగాలి. కొద్ది వారాలు వాడినవాళ్లకి తొందరగానే దిగుతుంది. నెలలు, ఏళ్లు వాడినవాళ్లకి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి పదోవంతు వరకూ తగ్గించడం క్షేమం. ఎంత తొందరున్నా రెండు వారాల్లో పావువంతు దాటకూడదు. అల్ప్రాజోలామ్ ఒంట్లోంచి తొందరగా పోతుంది కాబట్టి పూటపూటకీ తపన పుట్టిస్తుంది. దాన్ని మానడం క్లోనజెపామ్ కంటే కష్టం, అందుకే కొందరు డాక్టర్లు ముందు నెమ్మదిగా కరిగే మందుకి మారుస్తారు. అల్ప్రాజోలామ్, అదే రకం డయజెపామ్ ప్రభుత్వ హెచ్1 మందుల జాబితాలో ఉన్నాయి, 2014 మార్చి నుంచి. చీటీ లేకుండా ఇవ్వకూడదు, పేరూ పరిమాణం విడి రిజిస్టరులో రాయాలి, మూడేళ్లు దాచాలి. కొట్టువాడు చీటీ అడిగితే కోప్పడకండి.

ఎస్సిటాలోప్రామ్ బాగైన తర్వాత కనీసం ఆరు నెలలు, ఎక్కువగా ఏడాది ఉంచుతారు. తర్వాత 10 నుంచి 5కి, నాలుగు వారాలు. అక్కణ్ణుంచి సున్నాకి దూకకూడదు. ఈ మందుల్లో చిన్న మోతాదు కూడా మెదడు మీద చాలా పని చేస్తుంది, అందుకే చివరి మెట్టే పెద్ద మెట్టు. 5 నుంచి 2.5కి, అక్కడ ఇంకో నాలుగు వారాలు. పరీక్షల నెలలో, పెళ్లిళ్ల హడావుడిలో మొదలుపెట్టొద్దు.

ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు చిన్న చిన్న షాకులు, చిరాకు వస్తే అది మందు తగ్గిన బాధ. పాత మోతాదుకి వెళ్తే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. జబ్బు తిరగబెట్టడం అలా ఉండదు, వారాల మీద మెల్లగా పాత దిగుళ్లే తిరిగొస్తాయి. ఈ తేడా తెలియక, మూడో రోజు తల తిరగగానే 'నాకు జన్మంతా మందే' అని నిరాశ పడిపోతున్నారు.

ఆమదాలవలస_అప్ప

2.5 అంటే 5 ఎంజీ బిళ్లని సగం చేయాలా? చేత్తో విరిస్తే పిండైపోతోంది.

మందులచీటీ_నరసన్నపేట

బిళ్ల మధ్యలో గీత ఉందో లేదో ముందు చూడండి అప్పా. గీత ఉన్నదే సమంగా విరుగుతుంది. మందుల కొట్లో బిళ్లలు కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బీ దొరుకుతుంది, లోపల బ్లేడు ఉంటుంది. గీత బ్లేడు కిందకి వచ్చేలా పెట్టి మూత ఒక్కసారి గట్టిగా నొక్కాలి, మెల్లగా నొక్కితేనే పొడి అవుతుంది. మిగిలిన సగం తడి తగలని చిన్న సీసాలో పెట్టి మర్నాడే వేసుకోండి, నెల సరిపడా ఒకేసారి కోసి పెట్టుకోవద్దు, మన వానల్లో చెమ్మ పడుతుంది. పేరు పక్కన ఎస్‌ఆర్, సీఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్న బిళ్లని మాత్రం కోయకూడదు. అది రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా చేసినది, కోస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది.